పాటగాని కథ ఎవరు చెప్పాలి?

నిజామాబాదు పట్టణంలో గుట్టమీద ఒక పాత ఖిల్లా ఉంది. నిజాం ప్రభుత్వం దానిని కారాగారంగా వాడుకున్నది. నిజాం పాలన చివరి రోజులలో అక్కడ బందీలుగా ఉన్నవారిలో దాశరథి కృష్ణమాచార్యులు ఒకరు. జైలులో కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికి దొరికిన బొగ్గుముక్కతో ఆయన గోడమీద పద్యం రాశారు. పాలకుణ్ణి ధిక్కరించే మాట ఆ పాలకుని జైలుగోడమీదనే వెలసింది. అయితే బొగ్గురాత ఎంతకాలం నిలుస్తుంది? ఒక తడిగుడ్డ చాలు, ఒక పొర సున్నం చాలు. ఆ పద్యం లోకానికి అందింది గోడవల్ల కాదు, మనుషులవల్ల. అదే జైలులో వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోడుగా ఉన్నారు. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. ఎదిరించి గొంతెత్తినవాని చరిత్ర ఏనాడూ ఒక్కని చరిత్ర కాదనడానికి ఆ అంకితమే సాక్ష్యం.

ఆ ఖిల్లాను జైలుగా వాడుకున్న ప్రభుత్వమే ఈ ప్రాంతానికి నీటిని కూడా తెచ్చింది. మంజీర నదిపై అచ్చంపేట వద్ద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి గొప్ప ఇంజనీరు పేరు దానితో ముడిపడి ఉంది. ఆ కాలువల నీటితో చెరకు పండింది. 1937లో బోధన్ పక్కన చక్కెర కర్మాగారం వెలిసి, దాని చుట్టూ శక్కర్‌నగర్ ఏర్పడింది. ఒకనాడు అది ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటి. ఎన్ని ఎకరాలు తడిసినవి, ఎన్ని టన్నుల చెరకు గానుగకు చేరినది అన్న లెక్కలు ప్రభుత్వ దస్త్రాలలో పదిలంగా ఉంటాయి. కాని చెరకు కొట్టే కూలీలు ఏ పాట పాడుకున్నారు, కూలి పెంచమని కూడిన సభలో డప్పుమీద ఏ చరణం పలికింది, దానిని కట్టినవారెవరు అన్న ప్రశ్నకు ఏ దస్త్రమూ జవాబు చెప్పదు. నీటికి కొలత ఉంది, చక్కెరకు తూకం ఉంది. పాటకు మాత్రం విన్నవారి జ్ఞాపకమే ఆధారం.

జ్ఞాపకానికి తోడుగా నిలబడగల సాధనం డాక్యుమెంటరీ చిత్రం. కథాచిత్రంలో నటుడు మరొకని వేషం కడతాడు. డాక్యుమెంటరీలో అసలు మనిషే తన ముఖంతో, తన గొంతుతో, తన తడబాటుతో కనిపిస్తాడు. గాయకుల జీవితాలపై ఇటువంటి చిత్రాలు ప్రపంచంలో చాలా వచ్చాయి. వాటిలో అధిక భాగం పూలదండలే. ఎక్కడ పుట్టాడు, ఎన్ని రికార్డులు అమ్మాడు, ఎంతమంది ప్రముఖులు మెచ్చుకున్నారు అన్న వరుసలో అవి సాగిపోతాయి. ఈ తరహా చిత్రాలకు భిన్నంగా, తగవులాడే గుణమున్న చిత్రాలు ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. అవి పంక్ సంగీతకారులపై వచ్చిన డాక్యుమెంటరీలు. ధిక్కార గాయకుని జీవితాన్ని తెరమీద ఎట్లా చెప్పాలో, ఎట్లా చెప్పకూడదో తెలుసుకోదలచిన తెలుగు విద్యార్థికి వాటిని మించిన పాఠం అరుదు.

పంక్ అనే మాటకు ఇంగ్లీషులో పనికిమాలినవాడనే అర్థం ఉండేది. 1970ల మధ్యలో న్యూయార్కు, లండన్ నగరాల యువకులు ఆ తిట్టునే బిరుదుగా ధరించారు. మూడు స్వరమేళనాలు వస్తే చాలు, రెండు నిమిషాల పాట చాలు, గొంతు శ్రావ్యంగా ఉండనక్కరలేదు, చెప్పవలసిన కోపం ఉంటే చాలునన్నది వారి సిద్ధాంతం. బ్రిటనులో ఆనాడు నిరుద్యోగం పెరిగింది, సమ్మెలు జరిగాయి, వీధులలో చెత్త పేరుకుపోయింది. చదువు ముగించిన కుర్రవానికి ముందు దారి కనబడలేదు. ఆ గోల నుండి పుట్టిన సంగీతమే పంక్. చెవికి ఇంపుగా ఉందా అంటే లేదనే చెప్పాలి. ఇంపుగా ఉండటం దాని ఉద్దేశం కానే కాదు.

లండన్‌లో 1975లో ఏర్పడిన సెక్స్ పిస్టల్స్ అనే బృందం ఈ సంగీతానికి జెండా వంటిది. ఆ బృందం నిండా మూడేళ్ళయినా నిలవలేదు. ఒక్క ఆల్బమ్ మాత్రమే, 1977లో, వెలువరించింది. 1978 జనవరిలో అమెరికాలో చివరి కచేరీ చేసి విడిపోయింది. ఇంత చిన్న జీవితంపై ఒకే దర్శకుడు రెండు చిత్రాలు తీశాడు, అవి రెండూ ఒకదానినొకటి ఖండించుకుంటాయి. ఆ దర్శకుడు జూలియన్ టెంపుల్. 1980లో వచ్చిన 'ద గ్రేట్ రాక్ ఎన్ రోల్ స్విండిల్' చిత్రంలో కథ చెప్పేవాడు బృందపు మేనేజర్ మాల్కమ్ మెక్లారెన్. అంతా తన పథకమేననీ, కుర్రవాళ్ళు తన చేతిలో కీలుబొమ్మలనీ, లోకాన్ని మోసగించి సొమ్ము చేసుకోవడమే ఆటయనీ ఆయన వాదం. చూడటానికి అది చమత్కారంగానే ఉంటుంది. కాని పాడినవారు అందులో నోరులేని వారైపోయారు.

ఇరవై ఏళ్ళ తరువాత, 2000లో, అదే టెంపుల్ 'ద ఫిల్త్ అండ్ ద ఫ్యూరీ' తీశాడు. ఈసారి మాట్లాడేది బృంద సభ్యులు. మధ్యలో మెక్లారెన్‌పై వారు న్యాయస్థానంలో వ్యాజ్యం నడిపి, 1986లో తమ హక్కులు తాము దక్కించుకొని ఉన్నారు. చిత్రంలో వారి ముఖాలు కనబడవు. కిటికీ వెలుగుకు ఎదురుగా చీకటి ఆకారాలుగా కూర్చొని మాట్లాడుతారు. నడివయస్సు ముఖాలు అడ్డురాకపోవడంచేత ప్రేక్షకునికి ఆనాటి కుర్రవాళ్ళే కళ్ళముందు నిలుస్తారు. దర్శకుడు ఆ పాటల పక్కన ఆనాటి టెలివిజన్ ప్రకటనలను, వీధులలో కుప్పలుగా పడిన చెత్తను, షేక్‌స్పియర్ నాటకంలోని మూడవ రిచర్డు రాజును కలిపి చూపాడు. ఆ కోపం ఎక్కడ నుండి వచ్చిందో వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది. 1979 ఫిబ్రవరిలో మాదకద్రవ్యానికి బలియైన సహచరుడు సిడ్ విషస్‌ను తలచుకొని గాయకుడు జాన్ లైడన్ గొంతు పూడుకుపోతుంది. అంతవరకు లోకాన్నంతటినీ వెక్కిరించిన గొంతు అది. మొదటి చిత్రంలో ఈ దుఃఖానికి చోటే లేదు.

ఒకే బృందం, ఒకే దర్శకుడు, చాలావరకు ఒకే ముడిచిత్రం. మారినది కథ చెప్పే నోరు మాత్రమే. గాయకుని జీవితచిత్రం చూసేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఏమిటో ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే తేటతెల్లమవుతుంది. ఈ కథవలన లాభం పొందేవాడే కథ చెబుతున్నాడా, లేక నష్టపోయినవాడు కూడా నోరు విప్పుతున్నాడా?

రెండవ ప్రశ్న కాలానికి సంబంధించినది. కెమెరా ఎప్పుడు వచ్చింది? ముప్పై ఏళ్ళ తరువాత వచ్చి ముసలివారి జ్ఞాపకాలను తవ్వుకొనే చిత్రాలు చాలా ఉన్నాయి. పెనెలోపీ స్ఫీరిస్ అనే దర్శకురాలు అట్లా చేయలేదు. లాస్ ఏంజిలిస్ నగరంలో పంక్ బృందాలు పాడుతున్న రోజులలోనే, 1979, 1980 సంవత్సరాలలో, ఆమె కెమెరా పట్టుకొని వారి మధ్యకు వెళ్ళింది. 1981లో విడుదలైన 'ద డిక్లైన్ ఆఫ్ వెస్టర్న్ సివిలైజేషన్' అట్లా తయారయింది. అభిమాన బాలబాలికలను ఒక వట్టి బల్బు కింద నిలబెట్టి ఆమె ప్రశ్నలడిగింది. జవాబులలో కొన్ని చురుకైనవి, కొన్ని తెలివితక్కువవి, కొన్ని వినడానికే బాధ కలిగించేవి. వేటినీ ఆమె దాచలేదు. అందులో ప్రముఖంగా కనిపించే డార్బీ క్రాష్ అనే యువగాయకుడు చిత్రం విడుదల కాకముందే, 1980 డిసెంబరులో, కన్నుమూశాడు. కెమెరా ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఆ మనిషి ఇతరుల మాటలలో మాత్రమే మిగిలేవాడు. ఈ చిత్రాన్ని ఇక ప్రదర్శించవద్దని ఆ నగర పోలీసు అధిపతి లేఖ రాశాడు. 2016లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాలో అదే చిత్రానికి స్థానం లభించింది. పోలీసుల కంటికి గొడవగా తోచినది ముప్పై అయిదేళ్ళకు జాతి సొత్తు అయింది.

కెమెరా రానే లేదనుకుంటే? అప్పుడు ఇల్లే భాండాగారం కావాలి. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో హాక్నీ ఇంటిపేరుగల ముగ్గురు నల్లజాతి సోదరులు, పంక్ అనే పేరు వ్యాప్తిలోకి రాకముందే, అటువంటి సంగీతాన్ని వాయించారు. తమ బృందానికి 'డెత్', అనగా మృత్యువు, అని పేరు పెట్టుకున్నారు. పేరు మార్చితే రికార్డు వేస్తామని ఒక పెద్ద సంస్థ అధిపతి అంటే పెద్దవాడు డేవిడ్ ససేమిరా ఒప్పుకోలేదు. 1975లో ధ్వనిముద్రణ చేసిన టేపులు అటకెక్కాయి. ఏనాటికైనా లోకం వీటిని వెదుక్కుంటూ వస్తుంది, భద్రపరచమని తమ్మునికి అప్పగించి డేవిడ్ 2000లో మరణించాడు. 2009లో ఆ పాటలు ఆల్బమ్‌గా వెలువడ్డాయి. 2012 నాటి 'ఎ బ్యాండ్ కాల్డ్ డెత్' ఆ అటకమీది టేపుల కథ. విచిత్రమేమంటే, తమ తండ్రి ఒకనాడు ఇటువంటి సంగీతం వాయించాడని కొడుకులకే చాలాకాలం తెలియదు. అటకలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. తెలంగాణ పల్లెలలో అటకమీద పెట్టిన క్యాసెట్లను ఎలుకలు కొరికాయి, లేదా పాతసామాను కొనేవాడు తూకానికి తీసుకుపోయాడు. అంతే తేడా.

కూతురే పెట్టె తెరిచిన కథ మరొకటి. సోమాలియా తండ్రికి, బ్రిటిష్ తల్లికి పుట్టిన మారియన్ ఇలియట్ పాలీ స్టైరీన్ అనే పేరుతో ఎక్స్‌రే స్పెక్స్ బృందానికి గాయని అయింది. పంటికి కట్టిన తీగెలతో, తన సొంత కుట్టు దుస్తులతో వేదికనెక్కి, ఆడపిల్ల ఎట్లా ఉండాలని దుకాణాలు చెబుతాయో అట్లా ఉండనని పాడింది. 2011లో ఆమె మరణించింది. 2021లో ఆమె కూతురు సెలెస్ట్ బెల్, పాల్ సంగ్ అనే దర్శకునితో కలిసి తల్లిపై చిత్రం తీసింది. తల్లి గొప్ప గాయనియేనని ఆ చిత్రం ఒప్పుకుంటుంది. ఆమె మానసిక అనారోగ్యంతో సతమతమైనప్పుడు ఇంట్లో బిడ్డ పరిస్థితి ఏమిటని కూడా అడుగుతుంది. అభిమాని అడగలేని ప్రశ్న అది. కుటుంబం తీసే చిత్రాలు సాధారణంగా భజనలౌతాయన్న అనుమానానికి ఈ చిత్రం మంచి సమాధానం.

భారతదేశంలో పంక్ సంగీతం పెద్దగా వేళ్ళూనలేదు. దాని అవసరం ఇక్కడ లేకపోయిందనడం కూడా సత్యమే కావచ్చు, ఎందుకంటే అధికారాన్ని ఎదిరించే పాట ఇక్కడ ఎప్పటినుండో ఉంది. అయితే ఒక ముఖ్యమైన భేదం గుర్తించాలి. లండన్ కుర్రవాడు తన తాతల సంగీతాన్ని చెత్తబుట్టలో వేసి మొదలుపెట్టాడు. ఇక్కడి ధిక్కార గాయకుడు తాతల గొంగడినే భుజాన వేసుకున్నాడు. ఒగ్గుకథ నుండి, వీధిభాగవతం నుండి, డప్పు దరువు నుండి తన పాటను తీసుకున్నాడు. పంక్ గాయకునికి పోయేది పేరో, ఒప్పందమో, నిగ్రహం తప్పితే ఆరోగ్యమో. ఇక్కడి గాయకునికి పోయేది ప్రాణం. ఈ తేడాను మరచి రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కాని చిత్రం తీసేవాని ముందు నిలిచే ప్రశ్నలు మాత్రం రెండుచోట్లా అవే.

ఆ ప్రశ్నలకు భారతదేశంలో లభించిన గొప్ప జవాబు ఆనంద్ పట్వర్ధన్ 2011లో పూర్తిచేసిన 'జై భీమ్ కామ్రేడ్'. 1997 జులై 11న ముంబయిలోని రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి జరిగిన అవమానాన్ని నిరసిస్తున్న దళితులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది మరణించారు. కవి, గాయకుడు విలాస్ ఘోగ్రే ఆ దుఃఖాన్ని భరించలేక కొద్ది రోజులకే తనువు చాలించాడు. పట్వర్ధన్‌కు ఆయన కొత్తవాడు కాదు. 1985 నాటి తన చిత్రం 'బాంబే అవర్ సిటీ' కోసం ఆయన పాటను చిత్రీకరించి ఉన్నాడు. మిత్రుని మరణానికి కారణం వెదకుతూ బయలుదేరిన దర్శకుడు పద్నాలుగేళ్ళు తిరిగాడు.

ఆ పద్నాలుగేళ్ళలో చిత్రం ఒక గాయకుని దాటి ఎంతోమందిని చేరింది. విలాస్ ఎర్రజెండా నీడన పాడినవాడు, ఆ బృందమే ఆయనను వెలివేసింది. మరణించేనాడు ఆయన తలకు నీలిగుడ్డ చుట్టుకొని ఉన్నాడు. ఎరుపుకు, నీలికి మధ్య ఆయన పడిన వేదనను చిత్రం దాచిపెట్టదు, తీర్పు కూడా చెప్పదు. చివరిభాగంలో పుణె నగరానికి చెందిన కబీర్ కళామంచ్ యువగాయకులు తెరమీదికి వస్తారు. వారిలో శీతల్ సాఠే పాడుతుండగా ఆమె తల్లి మాటలు కూడా వినిపిస్తాయి. పాట అన్నంపెట్టదని భయపడే తల్లి, పాట మానలేని కూతురు, ఇద్దరూ ఒకే చట్రంలో ఉంటారు. పొగడ్తకు అలవాటుపడిన జీవితచిత్రాలలో ఇటువంటి తల్లికి స్థానం దొరకదు. చిత్రం దాదాపు మూడు గంటలు నడుస్తుంది. అంత నిడివి అవసరమా అని విసుక్కునేవారున్నారు. పాటలను మధ్యలో కత్తిరించకుండా వినిపించాలంటే అంత సమయం పడుతుంది.

తెలుగునేలపై ఈ చర్చ గద్దర్ దగ్గర ఆగక తప్పదు. తూప్రాన్‌లో 1949లో పుట్టి, నిజామాబాదులోను, హైదరాబాదులోను చదువుకున్న గుమ్మడి విఠల్‌రావు, స్వాతంత్ర్యోద్యమ కాలపు గదర్ పార్టీ పేరును తన పేరుగా చేసుకున్నాడు. 1970లలో రూపుదిద్దుకున్న జననాట్యమండలి ద్వారా గొంగడి, గజ్జెలు, చేతికర్ర, డప్పులతో ఊరూరా తిరిగాడు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన 'మాభూమి' 1980లో విడుదలైంది. అందులో గద్దర్ పాడుతూ కనిపించే ఘట్టాన్ని తెలంగాణలో చూడనివారు తక్కువ. అది కథాచిత్రమే అయినా ఆ కొద్ది నిమిషాలు డాక్యుమెంటరీ వంటివే. అడుగు ఎట్లా పడింది, ఊపిరి ఎక్కడ ఆగింది, కన్ను ఎట్లా మెరిసింది అన్నదంతా అందులో నమోదయింది. అయితే ఆ పాట కట్టినవాడు సాయుధ పోరాటకాలపు బండి యాదగిరి. పాడినవాని రూపం తెరకెక్కింది, కట్టినవాడు పేరుగా మిగిలాడు. తెరకు గల ఈ పక్షపాతాన్ని ఎవరైనా గుర్తుంచుకోవలసిందే.

నర్సింగరావు 1987లో 'మా ఊరు' అనే డాక్యుమెంటరీ తీసి తెలంగాణ పల్లె జీవితాన్ని కళ్ళకు కట్టించారు. ఊరిని అంత ఓపికగా చూసిన కన్ను ఈ నేలకు ఉంది. అదే ఓపిక గాయకుని జీవితంపై పెట్టవలసి ఉంది.

గద్దర్ జీవితాన్ని తెరకెక్కించడం సులభమని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆయన బ్యాంకు ఉద్యోగం చేశాడు, విడిచిపెట్టాడు. అజ్ఞాతంలోకి వెళ్ళాడు, 1990లో జనం మధ్యకు తిరిగివచ్చాడు. 1997 ఏప్రిల్ 6న ఇంటివద్దనే ఆయనపై కాల్పులు జరిగాయి, ఒక తూటా చివరివరకు ఆయన వెన్నులోనే ఉండిపోయింది. ఎన్నికలను బహిష్కరించమని పాడిన గొంతు 2018లో మొదటిసారి ఓటు వేసింది. చివరి సంవత్సరాలలో ఆయన గుడిమెట్లెక్కడం చూసి పాత సహచరులు నొచ్చుకున్నారు. 2023 ఆగస్టు 6న ఆయన మరణించినప్పుడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. 'ఒరేయ్ రిక్షా' చిత్రంలోని పాటకు వచ్చిన నంది బహుమతిని ఆయన ఒకనాడు తిరస్కరించాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆ నంది బహుమతుల స్థానంలో గద్దర్ పేరిట చలనచిత్ర పురస్కారాలను ప్రకటించింది, 2025 జూన్‌లో వాటిని ప్రదానం చేసింది. వద్దన్న బహుమతి స్థానంలో ఆయన పేరే బహుమతి అయి కూర్చుంది!

ఇంతటి జీవితాన్ని దండలతో నింపిన చిత్రం చెప్పజాలదు. తూటాను మాత్రమే చూపి ఓటును దాచే చిత్రం అబద్ధమౌతుంది. ఓటును, గుడిని చూపి ఆయన ఓడిపోయాడని ముగించే చిత్రం కూడా అంతే అబద్ధం. టెంపుల్ రెండు చిత్రాలలో చేసిన పనిని ఇక్కడ ఒక్క చిత్రమే చేయవలసి ఉంటుంది. ఆయన వెంట డప్పు కొట్టినవారు, కోరస్ పాడినవారు, ఆయనతో విభేదించి వెళ్ళిపోయినవారు, ఆయన లేని ఇంటిని నెట్టుకొచ్చిన ఆడవారు, ఆయన పాట విని ఇల్లు విడిచి తిరిగిరాని పిల్లల తల్లులు, వీరందరూ మాట్లాడాలి. చివరివారి మాట అన్నిటికంటె కష్టమైనది. అది లేకపోతే ఆ పాటకు ఉన్న బలం ఎంతటిదో, దాని వెల ఎంతో తెలియదు.

ధిక్కార గాయకుణ్ణి తెరకెక్కించడమే ఆయనను మచ్చిక చేసుకోవడమని ఒక వాదం ఉంది. వీధిలో అరిచిన గొంతును చల్లని గదిలో కూర్చోబెట్టి, టిక్కెట్టు పెట్టి వినిపించడంలో ఏదో ద్రోహం ఉందని ఆ వాదుల భావన. పంక్ విషయంలో ఇది కొంత నిజమైంది. ఒకప్పుడు సభ్యులు అసహ్యించుకున్న చొక్కాలు నేడు పెద్ద దుకాణాలలో అమ్ముడుపోతున్నాయి. కాని ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకుంటే మిగిలేది ఏమిటి? చిత్రం లేనంత మాత్రాన మచ్చిక ఆగదు. శిలావిగ్రహం ఆ పని చేస్తుంది, వర్ధంతి సభ చేస్తుంది, బహుమతి పేరు చేస్తుంది. వీటిలో ఏదీ గాయకుని గొంతును వినిపించదు. మంచి డాక్యుమెంటరీ కనీసం ఆ గొంతును, అది పలికిన కోపాన్ని, పలకలేక ఆగిన క్షణాన్ని అట్లాగే ఉంచుతుంది.

పెద్ద పేర్లను పక్కనపెట్టినా ఈ పని నిజాంసాగర్ కాలువల వెంట చాలా మిగిలి ఉంది. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. చిందు యక్షగానంలో జాంబపురాణం ఉంది. అందులో జాంబవంతుడు బ్రాహ్మణునితో ఎదురెదురుగా నిలిచి పుట్టుక గురించి, ఎక్కువ తక్కువల గురించి వాదిస్తాడు. ఊరి నడుమ, ఊరి పెద్దల ఎదుట, అట్టడుగు కులాల వారు తరతరాలుగా ఆ వాదాన్ని ఆడి చూపారు. లండన్‌లో 1976లో కనిపెట్టినదనుకున్న ధిక్కారం ఇక్కడ ముఖానికి అర్దళం పూసుకొని, కిరీటం పెట్టుకొని ఎన్నడో వీధికెక్కింది. తెల్లవార్లూ సాగే ఆ ఆటను తెల్లవార్లూ చిత్రీకరించాలి. పది నిమిషాల ముక్కను తీసి, దానిపై వ్యాఖ్యాత గొంతు వినిపించి, జానపద కళలు అంతరించిపోతున్నాయని నిట్టూర్చడం తేలిక. అటువంటి చిత్రాలు కావలసినన్ని ఉన్నాయి.

శక్కర్‌నగర్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్ళిన బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడింది. ఊరేగింపులు, దీక్షలు, సభలు జరిగాయి. సభ అన్నచోట పాట ఉంటుంది. పాడినవారిలో చాలామంది తలలు నెరసినవి. పెద్ద కెమెరా, పెద్ద ఖర్చు కావాలనే రోజులు పోయాయి. జూనియర్ కళాశాల విద్యార్థి జేబులో ఉన్న ఫోను స్ఫీరిస్ నాటి కెమెరాకంటె చాలా తేలిక. కావలసినది ఓపిక, కొంత మర్యాద. చిత్రీకరణకు ముందు అనుమతి అడగాలి. పాట కట్టినది ఎవరో, ఏ సందర్భంలో కట్టారో, ఏ సంవత్సరమో అడిగి రాసుకోవాలి. పాడినవారి పేరుతోపాటు వాయించినవారి పేరు కూడా అడగాలి. పాటను నడుమ ఆపించకూడదు. గాయకుడు ఒక చరణం మరచిపోయి పక్కవానివైపు చూస్తే, ఆ చూపును కత్తిరించకూడదు.

ఇంకొక సంగతి. డప్పు వెంటనే మోగదు. చర్మం చల్లబడి మెత్తగా ఉంటుంది. నాలుగు ఎండు చెరకాకులో, జొన్నచొప్పో తెచ్చి మంటవేసి, దానికి సెగ చూపించి, వేలితో తట్టి, మళ్ళీ సెగ చూపించి, శబ్దం బిగిసిందని తృప్తి కలిగిన తరువాతనే వాయిద్యకారుడు దానిని భుజానికి తగిలించుకుంటాడు. ఆ మంట చుట్టూ నిలబడినప్పుడే అసలు మాటలు దొర్లుతాయి, ఎవరు ఎప్పుడు ఏ ఊళ్ళో పాడి దెబ్బలు తిన్నారో బయటపడుతుంది. చాలా చిత్రాలలో కెమెరా పాట మొదలైన తరువాతనే తెరుచుకుంటుంది. మంట వేసేటప్పుడే దానిని తెరిచి ఉంచాలి.